తారు పూసిన గూడు

ఉమ్‌హ్లాలి, నాటాల్,
అక్టోబరు మొదటివారం, 1993.

ప్రభువునందు ప్రియమైన హేజెల్ అమ్మకు, నీ ఇంటాయన రాయునది.

ఆయన కృప వల్ల నేనిక్కడ కులాసా. మోకాలొక్కటే కృపకు ఇంకా లోబడలేదు. నీ తమ్ముడు లెస్లీ కులాసా, వాడి నోరు అంతకన్నా కులాసా. అక్కడ జొహానెస్‌బర్గ్‌లో నువ్వు, అమ్మాయి హేజెల్, అల్లుడు డెరిక్, మన మనవరాలు తాష్లిన్ బాగున్నారని నీ ఉత్తరం అందిన పూటే మోకరించి స్తోత్రం చెప్పాను. లేచేటప్పుడు మాత్రం బల్ల పట్టుకోవాల్సొచ్చింది.

ఇంగ్లీషులో రాస్తే హేజెల్ కూడా చదువుకుంటుంది కదా, పోనీ ఫోను చెయ్యొచ్చు కదా అన్నావు. అందుకే తెలుగులో రాస్తున్నాను. మీ ఫోను హాలు మధ్యలో ఉంటుంది, ఇల్లంతా వింటుంది. పెళ్ళైన ఏడాది వంటింటి బల్ల మీద మా నాన్న పరిశుద్ధ గ్రంథం తెరిచి, నా అంతట నేను కూడబలుక్కున్న అక్షరాలే నీకూ నేర్పాను. నాకు గురువు లేడు, నీకు నేను తప్ప గురువు లేడు, కాబట్టి మనిద్దరి తప్పులూ ఒక్కటే. డెరిక్ అడిగితే మామగారు ప్రసంగం రాసి పంపారని చెప్పు. ఇంక అడగడు.

ఉత్తరం చివర గీత గీసి మరీ అడిగావు. "తాష్లిన్‌కి నెల దాటింది. ఈ నెలాఖరు రైలుకి రానా, వద్దా? ఒక్క మాట రాయి. ప్రసంగం వద్దు." ఒక్క మాటే రాస్తాను. పొద్దున్నుంచి ఆ మాట రాయడానికే కూర్చున్నాను. కానీ నీ తక్కిన ప్రశ్నలకి జవాబు చెప్పకుండా అది రాస్తే నీకు అర్థం కాదు, పైగా మనసు కష్టపెట్టుకుంటావు. కాబట్టి ఓర్చుకో. ఇన్నేళ్ళు నా ప్రసంగాలు ఓర్చుకున్నదానివి.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పప్పూ అన్నం వండుకుంటున్నాను, లెస్లీ భార్య అప్పుడప్పుడూ చేపల పులుసు పంపుతోంది. ఉల్లిపాయలు మాడకుండా వేయించే మర్మం మాత్రం నాకింకా బయలుపడలేదు.

నాటాల్ అంతా మండిపోతున్నట్టు టీవీలో చూపిస్తున్నారు, నిజమేనా అని అడిగావు. మన వీధి మండలేదు. మన వీధి బిగుసుకుపోయింది. ఈ ఏడు ఇక్కడ చెరకు కన్నా ఇనుము ఎక్కువ పండింది. ప్రతి కిటికీకీ చువ్వలు, ప్రతి గోడ మీదా సీసా పెంకులు. లెస్లీ మిల్లులో డ్యూటీ దిగి, ఇంటికైనా పోకుండా ఎవరో ఒకరి గుమ్మం ముందు వెల్డింగ్ రవ్వల మధ్య కూర్చుంటున్నాడు. వెనక తోటలో చెరకు కాస్త కదిలితే చాలు, ఇళ్ళల్లో పరదాలు పడిపోతున్నాయి. వచ్చే ఏప్రిల్లో తెల్లవాళ్ళతో పాటు నల్లవాళ్ళకీ మనకీ ఓటు. అరవై దాటాక మొదటి నిజమైన ఓటు. దాని గురించి సంతోషపడేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, భయపడేవాళ్ళు గొంతు పెంచి మాట్లాడుతున్నారు. నేను ఏ రకమో నీకు చెప్పక్కర్లేదు. నువ్వున్నప్పుడే విన్నావు, మన తెలుగు సంఘంలో లేచి నిలబడి, గొర్రెల దొడ్డిలోకి గోడ దూకి వచ్చే దొంగ అనీ, తోడేలనీ, గర్జించే సింహమనీ నేను అరిచిన అరుపులు. నా ప్రసంగం మధ్యలో ఆగ్నెస్ అక్క సంచిలోంచి మందుబిళ్ళ తీసి నాలుక కింద పెట్టుకునేది. భయంతో వచ్చినవాళ్ళకి ఇంకాస్త భయం కట్టి పంపించాను. అదే మేల్కొలుపు అనుకున్నాను.

ఇక కోళ్ళు. "బోడిమెడది పొదుగుతోందా? డీకనమ్మ ఇంకా చెప్పుల్లోనే గుడ్డు పెడుతోందా?" అని అడిగావు. కోడికి సంఘం పెద్దల పేరు పెట్టొద్దని నేను ఎన్నిసార్లు చెప్పినా నువ్వు వినలేదు. అది నడిచే తీరు చూస్తే నిజంగా కానుక పళ్ళెం పట్టుకొస్తున్నట్టే ఉండేది, ఒప్పుకుంటాను. వీటి సంగతి మొదటినుంచీ చెప్పాలి. తిన్నగా చదువు, మధ్యలో పేజీ తిప్పి చివర చూడకు.

జులైలో నువ్వు బస్సెక్కుతూ అన్నది ఒక్కటే మాట. "నా కోళ్ళు జాగ్రత్త." నన్ను జాగ్రత్తగా ఉండమని అనలేదు. నేనది గమనించాను.

నువ్వు వెళ్ళిన వారం తిరక్కుండానే ముంగిస వచ్చింది. పట్టపగలు, నేను జామచెట్టు కింద కూర్చుని ఉండగానే, నల్లకుచ్చు తోక నిలబెట్టుకుని వచ్చి ఒక పిల్లని కరుచుకుని వెనక తోటలో చెరకులోకి పోయింది. పోతూ పోతూ నావైపు ఒకసారి చూసింది కూడా, బిల్లు నేను కడతానన్నట్టు. ఆ తరవాత మచ్చలపిల్లి. అది లోపలికైనా రాలేదు. మన పల్చటి తీగవల బయటినుంచే చెయ్యి పెట్టి, వలకి ఆనుకుని పడుకున్న కోడి తల పట్టి లాగేసింది. తెల్లారి చూస్తే మొండెం లోపల ఉంది, తల లేదు. ఆ వల కోడిని బయటికి పోకుండా ఆపుతుంది గాని, లోపలికొచ్చే చేతిని ఆపదని నాకు అప్పుడు తెలిసింది.

లెస్లీ వచ్చి చూశాడు.

"ఏటి బావా, తలేదీ?"

"సైతాను ఎత్తుకుపోయాడు."

"సైతాను తలకాయ కూర తింటాడేటి? మచ్చలపిల్లి బావా అది. మిల్లు ఎనకాల బోల్డున్నాయి. ఉండు, గట్టి మెష్ తెస్తాను."

తెచ్చాడు. వేలంత చువ్వలు కలిపి అతికిన మెష్. గూడు చుట్టూ మూరెడు లోతు కందకం తవ్వి, మెష్‌ని దాన్లోకి దించి బయటివైపుకి వంచి పూడ్చాం. తవ్వుకొచ్చే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుందట. గోళ్ళకి ఇనుము తగిలితే అక్కడే పెనుగులాడుతుంది గాని, రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న బుద్ధి దానికి పుట్టదట. నాకు మంచి ఊపొచ్చింది. యెరూషలేము గోడ కట్టినవాళ్ళు ఒక చేత్తో పని చేస్తూ ఇంకో చేత్తో ఆయుధం పట్టుకున్నారు కదా. నేనూ ఒక చేత్తో పలుగు, ఇంకో చేత్తో చెరకు కత్తి పట్టుకున్నాను.

"బావా, ఆ కత్తి కింద పెట్టు. మచ్చలపిల్లి కంటే ముందు నా కాలు పోయేటట్టుంది."

ఆ తరవాత పాము. కళ్ళలోకి ఉమ్మే ఆ త్రాచు. గుడ్ల పెట్టెలో చుట్టుకుని ఉంది, పొట్టలో రెండుచోట్ల ఉబ్బు. నేను వాకిట్లోకి పరిగెత్తి కేకేస్తే లెస్లీ వెల్డింగ్ ముసుగు మొహానికి పెట్టుకుని వచ్చాడు. పాము సరిగ్గా ఆ అద్దం మీదే ఉమ్మింది. "సీ బావా, లైక్ చేసింది నన్ను" అన్నాడు, ఆ ముసుగులోంచే. దాన్ని కర్రతో ఎత్తి గోనెలో వేసి, కాలవ అవతల వదిలేసి వచ్చాడు. చంపమన్నాను. "నువ్వు చంపు, నాను పట్టుకుంటాను" అన్నాడు. ఇంకేం చెప్పను.

పాము వచ్చిన దారి వెతికాను. కప్పు కింద, మెష్‌కీ రేకుకీ మధ్య, గాలి కోసం మీ నాన్న వదిలించిన సందు. అంతే. నాలుగు వేళ్ళ వెడల్పు.

ఆ మధ్యాహ్నమే గ్రంథం తెరిస్తే నోవహు ఓడ వచ్చింది. నేను వెతకలేదు, తెరిచిన చోటే అది. మానుతో చెయ్యి, లోపలా బయటా కీలు పూయి అని ఆజ్ఞ. కీలంటే తారే కదా. సందు లేకుండా పూసినవాడి ఇల్లు నిలిచింది, మిగతా లోకమంతా మునిగిపోయింది. సంఘం గది వెనక పడున్న పాత బెంచీల చెక్కలు తెచ్చి మెష్‌కి లోపలివైపు గోడల్లా కొట్టాను. ఎన్నో ఏళ్ళు జనం కూర్చుని అరగదీసిన చెక్కలు. రోడ్డు పనివాళ్ళ దగ్గర మిగిలిన తారు లెస్లీ డబ్బాతో తెచ్చాడు. కాచి, లోపలా పూశాను, బయటా పూశాను. కప్పు కింది సందుకి రేకు కొట్టి, మేకుల చుట్టూ గోనెపట్టా కుక్కి, దాని మీద కూడా పూశాను. తలుపుకి పెద్ద తాళం. లెస్లీ చుట్టూ తిరిగి చూశాడు.

"రెండేసి పెట్టావా బావా, లెక్క ప్రకారం?"

"పుంజు ఒక్కటే ఉంది."

"పుంజు ఒక్కడు, పెట్టలు ఇన్ని. ఇది నోవహు ఓడ కాదు బావా, సొలొమోను మేడ."

నవ్వకూడదనుకున్నాను, నవ్వాను. నువ్వుంటే నువ్వూ ఒక మాట అనేదానివి. కింద వీధి దుకాణం ముసలాయన్ని ఎవరో కట్టేసి పోయారని విన్నాక, మన వంటింటి గుమ్మానికి ఇనుప తలుపు పెట్టించిన రోజు అన్నావు కదా. తాళంచెవి ఒక్కటేనా, నాది ఏదీ అని అడిగావు. నేను ఓడ తలుపు మాట ఎత్తాను. ఆ తలుపు వేసిందెవరు, ప్రభువు కాదా, బయటినుంచి కాదా, నోవహు భార్య ఒక్క మాటైనా అన్నదా అన్నాను.

నువ్వు బియ్యం ఏరుతూనే అన్నావు. "ఆవిడ పేరే రాయలేదు, మాట ఎవరు రాస్తారు? అయినా నోవహు కూడా లోపలే ఉన్నాడు. బయటినుంచి తాళం వేసి ప్రసంగానికి పోలేదు."

నాకు కోపం వచ్చింది. తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను.

నువ్వు వెళ్ళేముందటి ఆ ఆదివారం సంగతి నువ్వు ఉత్తరాల్లో ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నువ్వు దాన్ని లోపలినుంచి చూశావు. బయటినుంచి నేను చూసింది నీకు చెప్పలేదు, చెబుతాను. ఆ పొద్దున స్టాంగర్‌లో నాకు ప్రసంగం ఉంది. నీకు జ్వరం, నిద్రపోతున్నావు. నువ్వు ఎవరు వచ్చి నీళ్ళడిగినా తలుపు తీసే మనిషివి, అదొక్కటే నా బుర్రలో తిరిగింది. వీధి తలుపుకీ ఇనుప తలుపుకీ తాళం వేసి చెవులు జేబులో పెట్టుకుని బస్సెక్కాను. అక్కడ బాగా మాట్లాడాను. దొడ్డి, కాపరి, తలుపు. ముగ్గురు ముందుకొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. తిరిగొచ్చేసరికి మన ఎదుటి చెరకు తోట తగలబెట్టి ఉంది. కోతకి ముందు ఏటా తగలబెట్టేదే, కొత్తేం కాదు. కానీ గాలి మనవైపు తిరిగిందట. వీధంతా పొగ. వంటింటి మెట్టు మీద లెస్లీ కూర్చుని ఉన్నాడు, వాడి చేతుల మీద ఇనుము రాసుకున్న గీతలు, ఇనుము కోసే మిషను మిల్లులో ఉండిపోయి ఉత్త చేతులతో లాగాడట. చువ్వల అవతల నువ్వు నేల మీద, తడిగుడ్డ మొహానికి పెట్టుకుని, తల కిందికి ఆనించి. లెస్లీ నన్ను చూసి లేచాడు. కొడతాడనుకున్నాను. చెయ్యి చాపాడు, తాళంచెవి కోసం. తలుపు తీశాక నువ్వన్నది, "అన్నం చల్లారిపోయింది." అంతే. ఆ తరవాతి వారం, కాన్పుకి ఇంకా టైముండగానే, హేజెల్ దగ్గరికి పోతానన్నావు.

ఆ ఆదివారం దాకా నీకు తెలిసిందే. ఇప్పుడు తెలియంది.

సెప్టెంబరులో బర్గ్ గాలి వచ్చింది. కొండల మీదినుంచి దిగే ఆ పొడి వేడిగాలి, నీకు తలనొప్పి తెప్పించేది. ఆదివారం. మళ్ళీ నాకు బయట ప్రసంగం, ఈసారి వెరూలమ్‌లో. పొద్దున గూడు తీసి మేత వేశాను, నీళ్ళు నిండుగా పోశాను. వెనక చెరకులో ముంగిస కూత వినిపించింది, లేదా వినిపించిందనుకున్నాను. ఇంట్లో ఎవరూ ఉండరు, రోజంతా వాటిని బయట ఎలా వదలను? అన్నిటినీ లోపలికి తోలాను. డీకనమ్మ లోపలికి పోనని రెండుసార్లు పక్కకి తప్పుకుంది, దాన్ని చేత్తో పట్టుకుని పెట్టాను. తాళం వేసి బస్సెక్కాను.

తిరిగొచ్చి తలుపు తీశాను. తీయడానికి బలం పెట్టాల్సొచ్చింది, ఏదో అడ్డం ఉంది.

కోళ్ళు అడ్డం ఉన్నాయి. అన్నీ తలుపు దగ్గరికే వచ్చాయి. కింద ఒక సందు మిగిలిపోయింది, కొబ్బరాకు ఈనెంత సందు, నేను చూసుకోలేదు. ఆ సందుకి ముక్కులు పెట్టి, రెక్కలు విప్పుకుని, ఒకదాని మీద ఒకటి. నోళ్ళు తెరిచే ఉన్నాయి. పుంజు కూడా. నీళ్ళ గిన్నె ఖాళీ.

హేజెల్ అమ్మా, నేను మొదట చేసిన పని చెబుతాను విను. శత్రువు కోసం వెతికాను. ఒక్కొక్క కోడినీ తిప్పి పంటి గాటు ఉందా అని చూశాను. పెట్టెల్లో పాము కోసం కర్ర పెట్టి కెలికాను. మెష్ చుట్టూ మోకాళ్ళ మీద పాకి తవ్విన జాడ ఉందా అని చూశాను. లేదు. ఎక్కడా లేదు. నా పని చాలా బాగుంది. ఒక్క చీమకి కూడా దారి లేదు.

అప్పుడు లోపలికి దూరి తలుపు నా వెనక నేనే లాక్కున్నాను, వెలుతురు ఎక్కడినుంచైనా వస్తుందేమో చూద్దామని. తారు మెత్తబడి కారుతోంది, చొక్కా గోడకి అంటుకుపోయింది. ఆ వాసనకి గొంతు పట్టేసింది. వెలుతురు తలుపు కింద మాత్రమే. నాకు తెలియకుండానే నేనూ అక్కడికే ఒంగాను. అప్పుడు గుర్తొచ్చింది, ఓడకి పైన కిటికీ పెట్టమని కూడా ఆజ్ఞ ఉంది. తారు మాటకి దగ్గర్లోనే ఉంటుంది. ఎన్నేళ్ళుగా చదువుతున్నాను, ఎన్నిసార్లు బల్ల గుద్ది చెప్పాను. కావలసినంత వరకే చదివాను.

బోడిమెడది పొదుగుతోందా అని అడిగావు. అది తలుపు దగ్గరికి రాలేదు. గుడ్ల మీదే ఉంది. బోడిమెడ జాతి వేడికి ఓర్చుకుంటుందని నువ్వే అనేదానివి. అందరికన్నా ఆఖర్న పోయి ఉంటుంది. నేను ఎత్తేటప్పుడు దాని కింద గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఆ వేడి దానిదో గూటిదో నాకు తెలీదు.

లెస్లీ వచ్చాడు. టోపీ తీశాడు. ఇద్దరం కలిసి జామచెట్టు అవతల గొయ్యి తవ్వాం. వాడు ఒక్క హాస్యం ఆడలేదు. ఆఖర్న మట్టి సర్దుతూ అడిగాడు.

"అక్కకి చెప్తావా?"

"చెప్తాను."

"బావా, అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి."

ఆ మర్నాడే నీకు ఉత్తరం రాశాను. కోళ్ళు బాగున్నాయి, గుడ్లు బాగా పెడుతున్నాయి, గూడు గట్టిగా కట్టాను, ఏ శత్రువూ దగ్గరికి రాలేడు అని రాశాను. నువ్వు దాన్ని హేజెల్‌కి చదివి వినిపించానని, డెరిక్ మెచ్చుకున్నాడని రాశావు. ఆ మెప్పు చదివిన రోజు అన్నం తినలేదు. కింద దుకాణంలో గుడ్లు కొని ఆగ్నెస్ అక్కకి పంపాను, ప్రతి వారం నువ్వు పంపేదానివని. "మీ కోళ్ళ గుడ్డు రుచే వేరు బ్రదర్" అంది. స్తోత్రం అన్నాను. చూడు, ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట.

తరవాతి ఆదివారం మన సంఘంలో నా వంతు. లేచి నిలబడ్డాను. వాక్యం ముందే తెరిచి పెట్టుకున్నాను, కోడి తన పిల్లలని రెక్కల కింద చేర్చుకునే మాట. నోరు తెరిచాను, రాలేదు. రెక్కలు విప్పుకుని పడి ఉన్నవే కళ్ళముందు నిలిచాయి. మొదట అందరూ నేను ఆత్మావేశంలో ఆగాననుకున్నారు, వెనకనుంచి ఎవరో ఆమెన్ కూడా అన్నారు. నేను కూర్చున్నాను. అప్పటినుంచి ప్రసంగించలేదు. గొంతు పట్టేసిందనుకుని సంఘం మొత్తం తేనె సీసాలు తెచ్చి ఇస్తోంది. అలమరా నిండిపోయింది. ఈ కోళ్ళ సంగతిలో ఒక గొప్ప ప్రసంగం ఉందని నాకు తెలుసు. మూడు భాగాలు చేసి, చివర పాట పెట్టి, జనాన్ని ఏడిపించగలను. చెయ్యను. వాటిని ఇంకోసారి వాడుకోను.

ఇక నువ్వు అడగని ప్రశ్న. వంటింటి ఇనుప తలుపు. నీ ఉత్తరంలో గోడల గురించి అడిగావు, పైకప్పు కారుతోందా అని అడిగావు, తలుపు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు వినిపించింది.

కోళ్ళు పోయిన వారంలోనే లెస్లీని పిలిచి ఆ తలుపు కోసేసి పట్టుకుపొమ్మన్నాను. మిషను తెచ్చాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"కొయ్యనా బావా?"

"ఉండు, టీ తాగు."

తాగాం.

"కొయ్యనా?"

"రేపు కోద్దువుగాని."

"రేపు నాకు డ్యూటీ."

"అయితే ఎల్లుండి."

వాడు కళ్ళద్దాలు తీశాడు. "కోసేది నాను, కదా బావా. నీకేటి నొప్పి?" అన్నాడు. మిషను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు. తలుపు అలాగే ఉంది.

పోనీ కోయకపోతే పోయె, తీసి ఉంచుదామనుకున్నాను. ఒక మధ్యాహ్నం తలుపు బార్లా తీసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎదుటి చెరకు కోసేశారు కాబట్టి అవతల కాలవ దాకా కనిపిస్తోంది. ఒక ముసలి జులూ అమ్మ తలమీద మొక్కజొన్న పొత్తుల బుట్టతో గేటు దగ్గర ఆగింది. నువ్వు ఎప్పుడూ కొనే మనిషే. "అమ్మ ఎక్కడ?" అని అడిగింది. నేను లేచి మాట్లాడదామనుకున్నాను. మాట్లాడాను కూడా, బాగానే మాట్లాడాను, కూతురి దగ్గరుందని చెప్పాను. ఆమె తలాడించి వెళ్ళిపోయింది. తరవాత చూసుకుంటే నేను మాట్లాడింది చువ్వల లోపలినుంచి. తలుపు మూసి ఉంది, తాళం పడి ఉంది, చెవి నా పిడికిట్లో ఉంది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు వేశానో నాకు గుర్తులేదు. నా చెయ్యే వేసింది. ఆమె దగ్గర బుట్ట తప్ప ఏమీ లేదు. ఆమెకి నాకన్నా పదేళ్ళు ఎక్కువే.

ఇంత రాశాక నీ ఒక్క మాట రాయొచ్చు. ఎన్నడూ లేంది పేరు పెట్టి రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఐరీన్, రాకు.

రమ్మని రాయడానికే ఉంది నాకు. ఇల్లు ఎలా ఉందో చెప్పను. నువ్వొస్తే మొదటి వారం నేను మంచిగానే ఉంటాను. తలుపు తీసే ఉంచుతాను, నీకొక తాళంచెవి కూడా చేయించి ఇస్తాను. రెండో వారం ఎవరో ఒకరు వచ్చి ఫలానా చోట ఏదో జరిగిందంటారు. ఏప్రిల్ దగ్గరికొచ్చే కొద్దీ రోజూ అంటారు. నాకు ప్రసంగానికి పిలుపు వస్తుంది. నువ్వు నిద్రపోతూ ఉంటావు. అప్పుడు ఈ చెయ్యి ఏం చేస్తుందో నాకు తెలుసు, నేను వద్దంటున్నప్పుడే చేస్తుంది. నీ మీద ప్రేమతోనే చేస్తుంది. కోళ్ళ మీద కూడా నాకు కోపం లేదు కదా.

నువ్వు అక్కడే ఉండు. పిల్లని ఎండలో కూర్చోబెట్టుకో. ఎవరు నీళ్ళడిగినా తలుపు తీయి.

నేను మారానని ఎప్పుడైనా రాస్తాను, నాకు తెలుసు, మంచి మాటలతో రాస్తాను, వాక్యం కూడా జోడిస్తాను. అది నమ్మి రైలెక్కకు. లెస్లీని అడుగు. తలుపు కోసేశానని వాడు చెబితే, అప్పుడు ఆలోచించు.

ఇట్లు,
హేజెల్ నాన్న